ఎల్ఎం25 గ్రావిటీ డై కాస్టింగ్: టీ6 తర్వాత పొద్దటి లోడ్ 95, రాత్రి లోడ్ 72 బీహెచ్ఎన్. ఎక్కడ చూడాలి?

మడికొండ డైకాస్ట్:

నమస్తే అందరికీ. వరికోత మిషన్ గేర్‌బాక్స్ హౌసింగ్‌ను ఎల్ఎం25లో (అల్యూమినియం-సిలికాన్ మిశ్రమం) గ్రావిటీ డై మీద, అంటే మెటల్ తన బరువుతోనే నిండే లోహపు అచ్చులో, పోస్తున్నాం. ముక్క 3.2 కిలోలు. గోడ మందం 6 మిల్లీమీటర్లు, బేరింగ్ బాస్ (బేరింగ్ కూర్చునే మందపాటి భాగం) దగ్గర మాత్రం 24. టీ6 (బాగా కాచి, నీళ్ళలో ముంచి, తర్వాత ఒవెన్‌లో ఏజింగ్ చేసే హీట్ ట్రీట్‌మెంట్) తర్వాత గట్టిదనం 90 బీహెచ్ఎన్‌కు (బ్రినెల్ హార్డ్‌నెస్) తగ్గొద్దని, కాస్టింగ్‌లోంచి కోసిన బార్ లాగినప్పుడు విరిగేలోపు సాగుడు 2 శాతం రావాలని డ్రాయింగ్‌లో ఉంది.

మొదటి లోడ్‌కు 92–97 వస్తోంది. మధ్యాహ్నం లోడ్ 82–88. రాత్రి లోడ్ 70–78, అందులోనూ బాస్ దగ్గర మరీ తక్కువ. మెటల్ అదే, సెట్టింగ్ అదే. సాగుడు మాత్రం ఏ లోడ్‌లోనైనా 1–1.3 శాతం దాటడం లేదు. వానలు పడ్డప్పటి నుంచి మెషినింగ్‌లో పిన్‌హోల్స్ కూడా ఎక్కువయ్యాయి.

మెల్టింగ్: 200 కిలోల క్రూసిబుల్, డీజిల్ బర్నర్. సగం కొత్త ఇంగాట్, సగం రన్నర్, రైజర్ రిటర్న్స్ (కాస్టింగ్ నుంచి కోసేసిన అదనపు మెటల్). 730 డిగ్రీల దగ్గర 10 శాతం స్ట్రాన్షియం ఉన్న మాస్టర్ అల్లాయ్ 300 గ్రాములు వేస్తాం. ఆ తర్వాత గ్యాస్ తీసే డీగ్యాసింగ్ మాత్రలు 400 గ్రాములు ముంచి, మడ్డి తీసి, 710–720 దగ్గర పోస్తాం.

హీట్ ట్రీట్‌మెంట్: లోడ్‌కు 40 ముక్కలు, 70 కిలోల స్టీల్ బుట్ట. సొల్యూషన్ (మెగ్నీషియం కరిగి పరుచుకునేలా కాచడం): కంట్రోలర్ 540 చూపించినప్పటి నుంచి 4 గంటలు. చైన్ బ్లాక్‌తో బుట్ట లేపి 4 మీటర్ల అవతల ఉన్న 1000 లీటర్ల నీళ్ళ ట్యాంకులో వేస్తాం. ఏజింగ్ ఒవెన్ పెద్దది, అందుకే మూడు లోడ్లూ కలిపి మర్నాడు పొద్దున 160 డిగ్రీల్లో 6 గంటలు.

స్పెక్ట్రో (మెటల్‌లో ఏది ఎంతుందో చూపే పరీక్ష): సిలికాన్ 7.1, మెగ్నీషియం 0.27, ఇనుము 0.38, మాంగనీస్ 0.08, రాగి 0.12, టైటానియం 0.11 శాతం.

సొల్యూషన్ టైం 8 గంటలు చేయమని ఒకరు, ఏజింగ్ 180కి పెంచమని ఇంకొకరు అంటున్నారు. కరెంటు బిల్లు చూస్తే రెండూ చేయబుద్ధి కావడం లేదు. ఏది ముందు సరిచేయాలి?

కరీంనగర్ హీట్‌ట్రీట్:

అన్నా, టైము, టెంపరేచర్ ఇప్పుడే ముట్టుకోకుండ్రి. మూడు లోడ్లకు రెసిపీ ఒక్కటే అయినప్పుడు లోడుకు లోడుకు మారేదేందో అది వెతకాలె. మీరు రాసినదాంట్ల మారేటివి రెండు: ఫర్నేసు వేడి, ట్యాంకు వేడి.

ముందు ఫర్నేసు. పొద్దుగాల చల్లటి ఫర్నేసుల లోడ్ వెడితే రెండూ కలిసి మెల్లగ కాగుతయి. కంట్రోలర్ 540 చూపెట్టే టైముకు కాస్టింగులు కూడ ఆ దగ్గరికి వచ్చి ఉంటయి. రెండో లోడ్‌కు గోడలు అప్పటికే కాగి ఉంటయి, లోపలి గాలి జల్దిన 540 ఎక్కుతది. థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) గాలిని సూస్తది గని లోడును సూడది. బుట్ట నడిమిట్ల ఉన్న ముక్కలు, అందులో 24 మందం బాసులు, అప్పటికి ఇంకా బాగ ఎనుకనే ఉంటయి. మీరు 4 గంటలు లెక్కవెట్టేది అక్కడి నుంచి. అంటే కాయితం మీద 4 గంటలు, బాసుకు అందింది అంతకంటె తక్కువ.

దీనికి ఖర్చు లేని పని ఒకటి ఉన్నది. ఒక స్క్రాప్ హౌసింగ్ బాసుల 12 మిల్లీమీటర్ల లోతుకు బొక్క కొట్టి, కే టైప్ థర్మోకపుల్ దూర్చి, బుట్ట నట్టనడుమ వెట్టుండ్రి. అది 535 చూపెట్టినంక లెక్క మొదలువెట్టుండ్రి. అదే తీరుగ నాలుగు మూలలు కూడ సూడుండ్రి. ఐదారు డిగ్రీల కంటె ఎక్కువ తేడా ఉంటే సర్క్యులేషన్ ఫ్యాన్ లేనట్టో, ముక్కలు ఒకదాని మీద ఒకటి కుప్పవోసినట్టో. ముక్కకు ముక్కకు నడుమ రెండు వేళ్ళ సందు ఉండాలె. సెట్టింగ్ 550 దాటనియ్యకుండ్రి. మెగ్నీషియం ఉన్న ఆఖరి ద్రవం 555 దగ్గర్నే కరుగుతది, కంట్రోలర్ ఓవర్‌షూట్ అయితే ముక్క లోపల గ్రెయిన్ అంచులు కరిగి మళ్ళ గడ్డకడతయి. ఆ ముక్క ఇంక దేనికీ రాదు.

ఇగ ట్యాంకు. లెక్క జేసి సూడుండ్రి. 40 ముక్కలు అంటే 128 కిలోలు. 540 నుంచి 70కి దిగితే కిలోకు, డిగ్రీకి దాదాపు 1.05 కిలోజౌల్స్ లెక్కన 63 మెగాజౌల్స్. బుట్ట ఇంకో 20. మొత్తం 83. 1000 లీటర్ల నీళ్ళు ఒక డిగ్రీ ఎక్కనీకి 4.18 మెగాజౌల్స్ కావాలె. అంటే ఒక్క లోడ్‌కు 20 డిగ్రీలు ఎక్కుతది. పొద్దుగాల 35తోని మొదలైతే 55 అయితది. మధ్యాహ్నం దాంక కొంచెం సల్లవడి 48కి వస్తే 68. రాత్రికి 60 నుంచి 80. నీళ్ళు కదలకపోతే బుట్ట నడుమ ఇంకా ఎక్కువ. 75–80 దాటినంక ముక్క చుట్టు ఆవిరి పొర పట్టుకొని ఇడువది. వేడి జల్ది గుంజకపోతే మెగ్నీషియం సిలిసైడ్ మోటుగ బయటపడతది, ఏజింగ్‌ల గట్టిపడనీకి ఏం మిగలది. మందం ఉన్న బాసుకే ఎక్కువ దెబ్బ, మీ రీడింగ్ గూడ గదే చెప్తున్నది.

చైన్ బ్లాక్‌తోని 4 మీటర్లు అంటే తలుపు తెరిచిన కాడి నుంచి మునిగేదాంక అరనిమిషం కంటె తక్కువ పట్టదు. 6 మిల్లీమీటర్ల గోడ గాలిలనే బాగ సల్లవడతది. 10 సెకన్లల మొత్తం మునగాలె. ట్యాంకును ఫర్నేసు నోటి కాడికి జరుపుండ్రి, లేకపోతే పట్టాలు ఏసి బుట్టను తోసేటట్టు చేయుండ్రి. అగ్వకు అయ్యే పని ఏందంటే పాత మోనోబ్లాక్ పంపు ఒకటి వెట్టి ట్యాంకు నీళ్ళు కింది నుంచి గుంజి పైన బుట్ట మీదికి కొట్టుడు. ఇంకో 1500 లీటర్ల సింటెక్స్ ట్యాంకు కలిపి తిప్పితే లోడ్‌కు 8 డిగ్రీలే ఎక్కుతది.

ఫర్నేసా, ట్యాంకా అనేది ఒక్క రాత్రిల తేల్చుకోవచ్చు. 200 లీటర్ల డ్రమ్ముల 60 డిగ్రీల నీళ్ళు ఫర్నేసు పక్కనే వెట్టుండ్రి. మూడో లోడ్‌లకెల్లి నాలుగు ముక్కలు ఇనుప కొక్కెంతోని డ్రమ్ముల ముంచుండ్రి, మిగిలినయి ట్యాంకుల. కలిపి ఏజ్ జేసి సూడుండ్రి. డ్రమ్ము ముక్కలు 90 దాటితే దోషం ట్యాంకుది. అవి కూడ తక్కువనే వస్తే సోక్, అంటే 540ల ఉంచిన టైము, చాలలేదు.

మెల్ట్‌షాప్ కాజీపేట:

పై సమాధానం హార్డ్‌నెస్ వరకు సరిపోతుంది. సాగుడు సంగతి వేరు. మూడు లోడ్లలోనూ ఒకేలా తక్కువ వస్తోందంటే ఆ లోపం హీట్ ట్రీట్‌మెంట్‌కు ముందే, క్రూసిబుల్‌లోనే పుట్టింది. టీ6 దాన్ని బాగుచేయదు.

మీరు రాసిన వరుసలోనే ఒక చిక్కు ఉంది: స్ట్రాన్షియం ముందు, మాత్ర తర్వాత. మామూలు డీగ్యాసింగ్ మాత్ర హెక్సాక్లోరోఈథేన్. అది మెటల్‌లో క్లోరిన్ వదులుతుంది. క్లోరిన్‌కు స్ట్రాన్షియం దొరికితే క్లోరైడ్‌గా మార్చి మడ్డిలోకి పంపేస్తుంది. మీరు 300 గ్రాముల రాడ్‌తో వేసిన 30 గ్రాముల స్ట్రాన్షియంలో, అంటే 0.015 శాతంలో, పోసేటప్పటికి ఎంత మిగులుతోందో చూడాలి. స్పెక్ట్రో రిపోర్టులో స్ట్రాన్షియం కాలమ్ అడిగి వేయించుకోండి. 0.008 కంటే తక్కువ ఉంటే సిలికాన్ పలకల నుంచి సన్నటి రూపానికి సరిగా మారదు (ఈ మార్పునే మోడిఫికేషన్ అంటారు). పలకలు పలకలుగా మిగిలిన సిలికాన్ బార్ లాగినప్పుడు ముందుగా పగులుతుంది.

వరుస ఇలా మార్చండి. ఛార్జ్ కరిగాక 720–730 దగ్గర ఫ్లక్స్ చల్లి మడ్డి తీయాలి. తర్వాత మెగ్నీషియం సరిచేసుకోవాలి. ఆ తర్వాత మాత్రలు. బుడగలు పూర్తిగా ఆగాక మళ్ళీ మడ్డి తీసి, చివర్లో స్ట్రాన్షియం. వేశాక 15–20 నిమిషాలు ఆగాలి, వెంటనే పోస్తే ఫలితం సగమే. గంటన్నర, రెండు గంటల్లో పోసేయాలి. ఆ తర్వాత కాలిపోతూ తగ్గుతుంది. వీలుంటే మాత్రలు మానేసి గ్రాఫైట్ రోటర్‌తో ఆర్గాన్ పంపండి. దానితో స్ట్రాన్షియం నష్టం తక్కువ కాబట్టి వరుస గొడవ ఉండదు. ఇంగాట్ సరఫరాదారుని యాంటిమనీ ఉందా అని కూడా అడగండి. యాంటిమనీతో మోడిఫై చేసిన ఇంగాట్‌లో స్ట్రాన్షియం వేస్తే రెండూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి.

వానాకాలం పిన్‌హోల్స్ హైడ్రోజన్ వల్లే. కరిగే ఉష్ణోగ్రత దగ్గర 100 గ్రాముల ద్రవ అల్యూమినియం 0.69 మిల్లీలీటర్ల హైడ్రోజన్ పట్టుకుంటుంది, గడ్డకట్టాక 0.036 మాత్రమే. మిగతాదంతా రంధ్రాలుగా తేలాల్సిందే. ఆరుబయట పడేసిన రిటర్న్స్, షెడ్‌లో చెమ్మపట్టిన ఇంగాట్ల మీది నీరు మెటల్‌ను తాకగానే ఆక్సైడ్, హైడ్రోజన్ రెండూ ఇస్తుంది. ఫర్నేస్ మూత మీద పెట్టి 200 డిగ్రీలు దాటించాకే ఛార్జ్ చేయండి. లాడిల్, ప్లంజర్, మడ్డి గరిటె కూడా అంతే. డబ్బా తెరిచి ఉంచిన ఫ్లక్స్ తేమ పీలుస్తుంది. డీజిల్ మంటలో కూడా నీటి ఆవిరి ఉంటుంది కాబట్టి మంట మెటల్ మీదికి తగలకుండా బర్నర్ తిప్పి, క్రూసిబుల్‌కు మూత పెట్టండి. 760 దాటనివ్వొద్దు.

ఎంత గ్యాస్ ఉందో ఊహించొద్దు. చిన్న వాక్యూమ్ టెస్టర్ ఉంటే ఒక స్టీల్ కప్పు మెటల్‌ను 80 మిల్లీబార్ దగ్గర గడ్డకట్టించి, మరొకటి మామూలు గాలిలో గడ్డకట్టించి, రెండింటి సాంద్రత నీళ్ళలో తూచి చూడండి. గాలి కప్పు 2.65, వాక్యూమ్ కప్పు 2.52 వస్తే తేడా దాదాపు 5 శాతం. దాన్ని 2కి దించితే గానీ ఆ బాస్ శుభ్రంగా రాదు.

ఇక పోసే తీరు. మెటల్ ముందు అంచు సెకనుకు అర మీటరు వేగం దాటితే పైనున్న ఆక్సైడ్ పొర మడతపడి లోపలికి పోతుందని కాస్టింగ్ మీద పరిశోధన చేసిన జాన్ క్యాంప్‌బెల్ చాలాకాలం కిందటే చెప్పారు. ఆ వేగం రావడానికి 13 మిల్లీమీటర్ల ఎత్తు నుంచి పడితే చాలు. కాబట్టి లాడిల్ మూతిని స్ప్రూ కప్పుకు (డైలో మెటల్ పోసే నోరు) ఆనించి పోయండి, రన్నర్‌లో అంగుళానికి 20 రంధ్రాల సిరామిక్ ఫోమ్ ఫిల్టర్ పెట్టండి, గేట్లు కిందినుంచి ఉండేలా చూడండి. డై వంచి పోసే ఏర్పాటు కుదిరితే అన్నిటికన్నా మేలు. మడతపడిన ఆ పొర రెండు వైపులా అతుక్కోదు, పగులు ముందే పెట్టి పోసినట్టు.

ఇనుము 0.38 ఎల్ఎం25 హద్దు 0.5 లోపే ఉంది కాబట్టి రిపోర్టు పాస్ అవుతుంది. సాగుడు పాస్ కాదు. నెమ్మదిగా గడ్డకట్టే బాస్‌లో ఆ ఇనుము అల్యూమినియం, సిలికాన్‌తో కలిసి బీటా అనే పొడుగాటి పెళుసు పలకలుగా పెరుగుతుంది. సగం రిటర్న్స్ వాడటం మానండి. రిటర్న్స్‌లో 0.40, కొత్త ఇంగాట్‌లో 0.12 ఉందనుకుంటే 30 శాతం రిటర్న్స్‌తో 0.20కి దిగుతుంది. పూత లేని స్టీల్ లాడిల్, ప్లంజర్ కూడా ఇనుము కరిగిస్తాయి. బోరాన్ నైట్రైడ్ కాకపోయినా కనీసం డై కోటింగ్ పూసి ఆరబెట్టి వాడండి. ఈలోగా పాత మెటల్ సర్దుకోవడానికి మాంగనీస్‌ను ఇనుములో సగానికి, అంటే 0.19కి పెంచుకోవచ్చు.

మడికొండ డైకాస్ట్:

ఇద్దరికీ ధన్యవాదాలు. రెండు సందేహాలు. ఒకటి, క్వెంచ్ చేసి (నీళ్ళలో ముంచి) మర్నాటి దాకా ఆపడం వల్ల నష్టమా? కొందరు వెంటనే ఏజ్ చేయాలంటారు. రెండు, మైక్రోస్కోప్‌లో ఇవన్నీ కనపడతాయా, ముక్క ఎక్కడ కోయాలి?

మైక్రో హన్మకొండ:

ఆపడం వల్ల కొంత బలం తగ్గే మాట నిజం. గది ఉష్ణోగ్రతలో మెగ్నీషియం, సిలికాన్ అణువులు చిన్న చిన్న గుంపులు కడతాయి, ఆ తర్వాత ఒవెన్‌లో రావాల్సిన బీటా డబుల్ ప్రైమ్ సూదులు (మెటల్‌ను గట్టిపరిచే మెగ్నీషియం-సిలికాన్ రేణువులు) అంత సన్నగా, దట్టంగా రావు. కానీ మీ కేసులో అది దోషి కాదు. అన్నిటికంటే ఎక్కువ సేపు ఆగేది పొద్దటి లోడ్, అన్నిటికంటే గట్టిగా వచ్చేదీ అదే. ఆగడమే కారణమైతే రీడింగ్‌లు తలకిందులుగా ఉండాలి. దాన్ని తర్వాత చూసుకోండి.

ఏజింగ్ మాత్రం తక్కువైంది. ఎల్ఎం25 టీఎఫ్‌కు (టీ6కు బ్రిటిష్ పేరు) మామూలుగా ఇచ్చేది 155–175 డిగ్రీల్లో 8–12 గంటలు. 160లో 6 గంటలంటే ఇంకా పైకెక్కుతున్న దశలోనే ఆపేశారు. 160లోనే 9 గంటలు చేయండి. 180కి పోవద్దు. త్వరగా గట్టిపడుతుంది, అంతే త్వరగా దాటిపోయి మెత్తబడుతుంది. మూడు లోడ్లు కలిసిన పెద్ద ఒవెన్‌లో మూలలకు, నడుమకు అరగంట తేడా మామూలే, ఆ తేడా 180లో ఎక్కువ కనపడుతుంది, 160లో కనపడదు.

సొల్యూషన్ 8 గంటలు అనవసరం. మోడిఫై అయిన డై కాస్టింగ్‌లో 6 మిల్లీమీటర్ల గోడ దగ్గర డెండ్రైట్ (మెటల్ గడ్డకట్టేటప్పుడు చెట్టు కొమ్మల్లా పెరిగే స్ఫటికం) చేతుల మధ్య దూరం 25–30 మైక్రాన్లు ఉంటుంది. అక్కడ మెగ్నీషియం కరిగి పరుచుకోవడానికి 540లో గంట కూడా పట్టదు. బాస్‌లో ఆ దూరం 50–60 అయితే టైం దూరం వర్గంతో పెరుగుతుంది కాబట్టి నాలుగింతలు. నిజంగా 4 గంటలు అందితే దానికీ సరిపోతుంది. సిలికాన్ పలకలుగా ఉంటే మాత్రం 8 గంటలు ఉడికించినా అంచులు గుండ్రబడతాయే తప్ప విడిపోవు. మోడిఫికేషన్ పోగొట్టుకుని ఫర్నేస్‌లో కరెంటు కాల్చడం దండగ.

బాస్ చల్లబడే వేగం పెంచితే ఇనుము పలకలు, డెండ్రైట్లు, రంధ్రాలు మూడూ ఒకేసారి చిన్నవవుతాయి. డైలో ఆ చోట రాగి చిల్ ఇన్సర్ట్ పెట్టి, ఇన్సులేటింగ్ పూత గీకేసి పలచని గ్రాఫైట్ పూత వేయండి. రైజర్ మెడ దగ్గర మందపాటి పూత అలాగే ఉంచండి. డై 300–350 మధ్య.

ముక్క కోయాల్సింది బాస్ మధ్యలోంచి, ఆఖరున గడ్డకట్టే చోట. పోల్చడానికి గోడలోంచి ఇంకొకటి. కోసేటప్పుడు నీళ్ళు ధారగా పడాలి, వేడెక్కితే ఏజింగ్ మారిపోతుంది. 220, 400, 600, 800, 1200 పేపర్ల మీద ఒక్కోసారి 90 డిగ్రీలు తిప్పుతూ రుద్ది, 1 మైక్రాన్ డైమండ్ పేస్టుతో గుడ్డ మీద మెరుగు పెట్టండి. అల్యూమినియం మెత్తన కాబట్టి పేపర్‌కు కొంచెం సబ్బు రాయండి, లేకపోతే సిలికాన్ కార్బైడ్ గింజలు లోపల దిగి ఇనుము పలకల్లా నటిస్తాయి.

ఎచింగ్ (యాసిడ్‌తో పైపొర తినిపించడం) చేయకుండానే 100 రెట్లలో రంధ్రాలు చూడండి. గుండ్రంగా, నున్నటి అంచుతో ఉంటే గ్యాస్. డెండ్రైట్ల మధ్య గీరుకుపోయినట్టు ఉంటే ఫీడింగ్ చాలలేదు, రైజర్ పని. సన్నటి నల్ల గీత వంకరగా పోతూ దాని వెంట రంధ్రాలు వరుసగా ఉంటే ఆక్సైడ్ పొర. తర్వాత 99.5 మిల్లీలీటర్ల నీళ్ళలో 0.5 మిల్లీలీటరు హైడ్రోఫ్లోరిక్ యాసిడ్, ప్లాస్టిక్ గిన్నెలో, 15 సెకన్లు. గాజు పనికిరాదు, యాసిడ్ తినేస్తుంది. చేతికి తగిలితే మొదట నొప్పి తెలియదు, లోపలికి దిగి ఎముక దాకా పోతుంది. మందపాటి నియోప్రీన్ గ్లవ్స్ లేకుండా, కాల్షియం గ్లూకోనేట్ జెల్ పక్కన లేకుండా ఆ సీసా తెరవద్దు.

500 రెట్లలో బూడిదరంగు చుక్కలు గుండ్రంగా, విడివిడిగా కనపడితే మోడిఫికేషన్, సోక్ రెండూ బాగున్నాయి. పొడుగాటి, మొనదేలిన బూడిదరంగు కడ్డీలైతే స్ట్రాన్షియం పోయింది. వాటికంటే నిటారుగా, సన్నగా, కాస్త వేరే ఛాయలో సూదుల్లా పొడుచుకొచ్చేవి ఇనుము బీటా. గ్రెయిన్ మూలల్లో గులాబీ పువ్వులాంటి చిక్కటి గుంపులుంటే ఫర్నేస్ 555 దాటింది. గట్టిపరిచే సూదులు ఈ మైక్రోస్కోప్‌లో కనపడవు, అవి నానోమీటర్లలో ఉంటాయి. వాటి సంగతి హార్డ్‌నెస్‌తోనో, ఎడ్డీ కరెంట్ కండక్టివిటీ మీటర్‌తోనో తెలుసుకోవాలి. పొద్దటి లోడ్ కంటే రాత్రి లోడ్‌కు కండక్టివిటీ ఎక్కువ, హార్డ్‌నెస్ తక్కువ వస్తే మెగ్నీషియం ద్రావణంలో లేదని అర్థం, అంటే సోక్ లేదా క్వెంచ్. రెండూ తక్కువైతే ఏజింగ్ చాలలేదు. పాలిషింగ్ సామాను లేకపోతే వరంగల్ ఎన్ఐటీ మెటలర్జీ విభాగంలో అడిగి చూడండి.

కాజీపేట సార్ మాటలో ఒక్కచోట తేడా. 0.38 ఇనుముకు మాంగనీస్ కలపడం నాకు నచ్చదు. మాంగనీస్ సగం ఉండాలన్న షరతు ఇనుము 0.45 దాటినప్పటిది. అంతకు లోపల కలిపితే మొత్తం ఇనుప ఫేజ్ పెరుగుతుంది, అడుగున మడ్డి కూడా చేరుతుంది. రిటర్న్స్ తగ్గించడమే దారి.

మెల్ట్‌షాప్ కాజీపేట:

ఒప్పుకోను గానీ, వాదించను. చేతిలో ఉన్న మెటల్ తీర్చుకోవడానికి చెప్పాను, రోజూ చేయమని కాదు. ఇంకో మాట: ట్యాంకు వేడెక్కుతోందని ఐస్ వేయడం లాంటివి చేయొద్దు. 24 నుంచి 6కి మారే చోట చల్లటి నీళ్ళు తగిలితే హౌసింగ్ వంకరపోతుంది, బేరింగ్ బోర్ కోడిగుడ్డులా అవుతుంది. 55–65 మధ్య నిలబెట్టండి, నీళ్ళు తిరుగుతూ ఉండాలి.

మడికొండ డైకాస్ట్:

మెగ్నీషియం 0.27 సరిపోతుందా? పెంచాలంటే 200 కిలోలకు ఎంత వేయాలి?

మెల్ట్‌షాప్ కాజీపేట:

ఎల్ఎం25 హద్దు 0.20–0.60 కాబట్టి లోపలే ఉంది, కానీ 90 కచ్చితంగా రావాలంటే 0.35 దగ్గర పెట్టుకోండి. 0.08 శాతం పెంచాలంటే 160 గ్రాములు, కాలిపోయేది కలిపి 185. ముక్కలను అల్యూమినియం రేకులో చుట్టి, వేడి చేసిన బెల్ ప్లంజర్‌తో అడుగు దాకా ముంచి కరిగేదాకా పట్టుకోండి. పైన తేలితే మండిపోతుంది. 0.40 దాటించొద్దు, మీ ఇనుము మీద అదనపు మెగ్నీషియం 'పై' (π) అనే ఇనుము ఉన్న ఫేజ్‌లో చిక్కుకుంటుంది, గట్టిదనం పెద్దగా పెరగదు, సాగుడు ఇంకా పోతుంది. మాత్రల క్లోరిన్ మెగ్నీషియంను కూడా కొంత తింటుంది, అందుకే చివరి స్పెక్ట్రో బటన్‌ను (పరీక్షకు పోసే చిన్న బిళ్ళ) డీగ్యాసింగ్ అయ్యాకే పోయండి.

కరీంనగర్ హీట్‌ట్రీట్:

డ్రమ్ము టెస్ట్ అయినంక రీడింగులు ఈడ వెట్టుండ్రి. బాసుది, గోడది వేరువేరుగ రాయుండ్రి, ట్యాంకు నీళ్ళ వేడి ముంచకముందు ఎంత, ముంచినంక ఎంత అనేది గూడ.